ఆపరేషన్ అట్టముక్క

రెండు తూటాలు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. బస్‌స్టాప్‌లో నిలబడ్డవాళ్లకు వినిపించింది చేతిసంచి జారి కింద పడిన చప్పుడొక్కటే.

పట్టపగలు, పదిమంది చూస్తుండగా మనిషిని చంపి, హంతకుడు అప్పుడే వచ్చిన బస్సెక్కి, పైనున్న కమ్మీ పట్టుకుని నింపాదిగా వెళ్లిపోయాడు. చనిపోయినవాడు ఎలక్ట్రికల్ సామాన్ల సేల్స్‌మన్ అని మర్నాడు పేపర్లు రాశాయి. పేపర్లకు అంతే తెలుసు. అతను డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ ఏజెంట్.

అతని సంచిలో దొరికింది ఒకటే వస్తువు. కంప్యూటర్ మదర్‌బోర్డులో వేసే బొత్తాం బ్యాటరీ. ప్యాకెట్ కూడా విప్పలేదు. డిపార్ట్‌మెంట్ దాన్ని ఎవిడెన్స్ కవర్లో పెట్టి లక్కతో సీలు వేసింది. నేరస్థుల్ని పట్టుకోవడం సంగతి ఎలా ఉన్నా, సీలు వెయ్యడంలో మాత్రం ఆ డిపార్ట్‌మెంట్‌కి సాటి లేదు.

నెల తిరక్కుండానే చనిపోయినవాడి తమ్ముడికి చీఫ్ నుంచి కబురొచ్చింది. తమ్ముడు కూడా ఏజెంటే. కోడ్‌నేమ్ ఉడుత. ఆ పేరు పెట్టింది అన్నే. చిన్నప్పుడు ఎక్కడ దూరమంటే అక్కడ దూరేవాడని.

"కూర్చో," అన్నాడు చీఫ్. కిటికీలకు పరదాలు దింపి ఉన్నాయి. బల్లమీద ఒక ఫొటో. నల్లకళ్లద్దాలు, మెడకి సిల్కు స్కార్ఫ్, నడిరోడ్డు మీద కూడా ర్యాంప్ మీద నడిచినట్టు నడిచే ఒకామె. "ఎవరో తెలుసుగా?"

"మా వదిన సార్."

"ఇక్కడ వదినలూ మరదళ్లూ ఉండరు. కోడ్‌నేమ్ నెమలి. ఫారిన్ గూఢచారుల రింగ్‌కి పనిచేస్తోంది."

"పనిచేస్తున్నట్టు నటిస్తోంది సార్. డబుల్ ఏజెంట్. ఆవిడ మన మనిషి."

"అని మీ అన్న చెప్పాడు. నోటిమాట. డబుల్ ఏజెంట్ ఎవరివైపో ఆ ఏజెంట్‌ని నడిపించేవాడికి ఒక్కడికే తెలియాలి, కాగితం మీద ఉండకూడదు. అది మన రూల్. ఆవిణ్ని నడిపించింది మీ అన్న. ఆ ఒక్కడూ పోయాడు. ఇప్పుడు ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పేవాడేడీ?"

ఆ రూల్ ఉడుతకీ తెలుసు.

"ఇంకా విను. మీ అన్న పోయిన రోజు ఆవిడ ఇంటికొచ్చింది. కాసేపు ఉండి వెళ్లిపోయింది. మనవాళ్లు వెళ్లేసరికి ఇంట్లో కంప్యూటర్ స్టార్ట్ కావట్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ కనబడట్లేదని మెసేజ్. సాక్ష్యం చెరిపేసి పోయింది. మర్నాటికల్లా భర్తని చంపించినవాడి పక్కసీట్లో కూర్చుని టైపు కొట్టుకుంటోంది. కంట్లో చుక్క నీరు లేదు."

"ఆ కంప్యూటర్ విప్పి చూశారా సార్?"

"సీల్ చేశాం."

"విప్పి చూశారా అని."

"సీల్ చేసినదాన్ని కేసు ముగిసేదాకా ఎవరు విప్పుతారయ్యా? రూల్!"

ఉడుతకి అన్నయ్య ఇంట్లో ఆ పాత డబ్బా కళ్లముందు మెదిలింది. దానికి రెండు జబ్బులుండేవి. ఒకటి, బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోవడం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోయేది. తేదీ తప్పితే ఏ సైటూ తెరుచుకునేది కాదు. అవతలి మిషన్లకి ముందు తేదీ కుదరాలి, ఆ తర్వాతే మాటలు. "బ్యాటరీ తెండి మహాప్రభో" అని వదిన మొత్తుకునేది, "రేపు" అని అన్నయ్య అనేవాడు. ఆ రేపు వచ్చిన రోజే అతన్ని బస్‌స్టాప్‌లో కాల్చేశారు.

రెండో జబ్బు ఏమిటో మాత్రం ఉడుతకి చప్పున గుర్తు రాలేదు.

"అసలు పని చెబుతాను," చీఫ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఊళ్లో ఏదో ఒక నీటిశుద్ధి కేంద్రంలో క్లోరిన్ ట్యాంకులకి రిమోట్ బిగించారు. ఈ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి తెరుస్తారు. చుట్టూ జనం ఉన్న కేంద్రమని మీ అన్న చివరి రిపోర్టు. ఏ కేంద్రమో కనుక్కునేలోపే పోయాడు. అన్నీ వెతికే టైమ్ లేదు."

"రిమోట్ ఎక్కడుంది?"

"రింగ్ నడిపేవాడి ఆఫీసులో, ఒకే ఒక్క కంప్యూటర్లో. పైకి ఎక్స్‌పోర్ట్ కంపెనీ. వాణ్ని అందరూ మేనేజర్ అంటారు. ఆ కంప్యూటర్ నిన్నటినుంచి స్టార్ట్ కావట్లేదు. పొద్దున రిపేర్ షాపుకి ఫోన్ చేశాడు. మనం విన్నాం. మెకానిక్‌గా నువ్వు వెళ్తున్నావు."

"స్టార్ట్ కాకపోతే పీడా విరగడైంది కదా సార్."

"కాలేదు. ఆ కంప్యూటర్ నుంచి కమాండ్ వెళ్లకపోతే కేంద్రంలో కాపలా ఉన్నవాడు చేత్తోనే తెరుస్తాడు. అందుకే అది స్టార్ట్ కావాలి. ఒక్కసారి అవతలి మిషన్ తలుపు తట్టాలి. ఆ లైన్‌ని మనవాళ్లు వింటున్నారు. ఏ తలుపో తెలిస్తే చాలు, స్క్వాడ్‌లు అన్ని దిక్కులా సిద్ధంగా ఉన్నాయి. తలుపు తెరుచుకునేలోపు నువ్వు లైన్ కట్ చెయ్యాలి. స్క్వాడ్ పని పూర్తయితే ఆ ఆఫీసుకి లాండ్రీ నుంచి ఫోన్ వస్తుంది. బట్టలు రెడీ అంటారు. అదే కోడ్."

స్టోర్స్ ఆఫీసర్ సామాన్లు పరిచాడు. పిడిలో లైన్ కట్టర్ దాచిన స్క్రూడ్రైవర్. కెమెరా కళ్లద్దాలు. మైకున్న మల్టీమీటర్. అన్నీ తళతళలాడుతున్నాయి. చివర్లో నల్లటి పెన్ను. "వెనక నొక్కితే సూది. గుచ్చితే అరిచే టైమ్ కూడా ఉండదు."

"ఇదెవరికి?"

స్టోర్స్ ఆఫీసర్ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ పరదాల వైపు చూశాడు.

"నెమలికి," అన్నాడు. "ఈ సాయంత్రంతో ఆ లెక్క కూడా తేలిపోవాలి."

అమ్మ పోయాక ఉడుతకి అన్నం పెట్టిన చెయ్యి ఆవిడది. పెన్ను జేబుకి తగిలించుకున్నాడు. ఇంకేం మాట్లాడాలో తెలియక, "ఒక రబ్బరు ఇవ్వండి," అన్నాడు స్టోర్స్ ఆఫీసర్‌తో.

"రబ్బరా?"

"పెన్సిల్ గీతలు చెరుపుకునేది. మెకానిక్కులు ర్యామ్ కాళ్లు తుడవడానికి వాడతారు."

"ఇది స్కూలు కాదు నాయనా, సీక్రెట్ సర్వీసు," అని నవ్వి స్టోర్స్ ఆఫీసర్ పెట్టె మూసేశాడు.

*

ఎక్స్‌పోర్ట్ కంపెనీ ఉన్నది మూడంతస్తుల బిల్డింగ్‌లో. మెట్లమీద సగం విప్పిన అట్టపెట్టెలు, లిఫ్ట్ దగ్గర ఫినాయిల్ వాసన. గుమ్మం దగ్గర కాపలావాడు ఉడుత సంచీ లాక్కుని బల్లమీద బోర్లించాడు.

మేనేజర్ వచ్చి ఒక్కో వస్తువూ వేలితో జరిపి చూశాడు. వయసు మీదపడ్డ సన్నటి మనిషి. పరాయి దేశస్థుడైనా అతను మాట్లాడే భాషలో మర్యాద ఎక్కడా తగ్గదు.

"సామాన్లు చాలా కొత్తగా ఉన్నాయండీ," అన్నాడు. "మెకానిక్కుల సామాన్లకి మురికి ఉంటుంది."

"కొత్తగా షాపు పెట్టాం సార్."

"సంతోషం. ఈ మామూలు స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకోండి, ఈ బ్రష్ తీసుకోండి. మిగతావి వెళ్లేటప్పుడు ఇస్తాం. కళ్లద్దాలు కూడా దయచేసి."

లైన్ కట్టర్ పోయింది. కెమెరా పోయింది. మైకు పోయింది. జేబులో పెన్ను మాత్రం మిగిలింది. మెకానిక్ జేబులో పెన్ను ఉంటే ఎవరు అనుమానిస్తారు?

లోపలి గదిలో ఒక బల్ల, దానిమీద కంప్యూటర్, ఎదురుగా రివాల్వింగ్ కుర్చీ. కుర్చీ సీటు తడిగా ఉంది. ఎవరో గట్టిగా కడిగారు. కడిగినా వెనకభాగంలో ఒక చిల్లు మిగిలింది, దాని చుట్టూ గోధుమరంగు మరక.

"నిన్నటిదాకా అక్కడ మా కంప్యూటరాయన కూర్చునేవాడు," అన్నాడు మేనేజర్. "చాలా తెలివైనవాడు. రోజంతా ఏవేవో డిస్కులు వేసి చూశాడు. బాగుచెయ్యలేకపోయాడు. కూర్చోండి, దయచేసి."

ఉడుత కూర్చున్నాడు. ప్యాంటుకి చల్లగా తగిలింది. పక్కసీట్లో వదిన టైపు చేస్తోంది. అదే స్కార్ఫ్. పెదాలకి ఎర్రటి రంగు. తలెత్తి అతన్ని గోడగడియారాన్ని చూసినట్టు చూసింది. ఆ చూపు అతని జేబులోని పెన్ను మీద ఒక్క క్షణం ఆగి, మళ్లీ కీబోర్డు మీదికి దిగింది.

పవర్ బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు. ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు.

ప్లగ్ పీకి, పక్కరేకు విప్పి, బ్రష్‌తో దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. మేనేజర్ వెనకే నిలబడ్డాడు.

"ఇదివరకు వచ్చిన మెకానిక్కులు ముందు ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచేవాళ్లు," అన్నాడు ఉన్నట్టుండి. "మీరు తుడవరా?"

కాపలావాడి చెయ్యి నడుం దగ్గరికి పోయింది. మనసులో ఉడుత స్టోర్స్ ఆఫీసర్‌ని ఏడు తరాలు కలిపి తిట్టాడు.

"తుడవాలి సార్. రబ్బరు పాత షాపులోనే మర్చిపోయి వచ్చాను. చెబితే నవ్వుతారని ఊరుకున్నా."

"ఇదిగోండి," అంది వదిన విసుగ్గా. సొరుగులోంచి రబ్బరు తీసి బల్లమీద విసిరింది. "పని తెలిసినవాళ్లని పిలవమంటే ఇలాంటివాళ్లని పట్టుకొస్తారు. సాయంత్రం అవుతోంది మేనేజర్‌గారూ."

కాపలావాడి చెయ్యి కిందికి దిగింది. ఉడుత ర్యామ్ తీసి, రాగి కాళ్లని రబ్బరుతో రుద్దుతూ ఆలోచించాడు. రబ్బరు ఇచ్చి తనని కాపాడిందా? లేక నిజంగానే వాళ్ల పని తొందరలో ఉందా? రెండింటికీ ఆ గొంతు సరిపోతుంది. జేబులో పెన్ను బరువుగా అనిపించింది.

ర్యామ్ తిరిగి బిగించి హార్డ్‌డిస్క్ వైరు తడిమాడు. చూపుకి వైరు సరిగ్గానే ఉంది. వేలికి మాత్రం ప్లగ్ కింద ఏదో గట్టిగా తగిలింది. గోరుతో లాగితే ఊడివచ్చింది.

అగ్గిపెట్టె అట్టముక్క. మూడు మడతలు. ఒక మూల పంటితో కొరికిన గుర్తు.

అప్పుడు గుర్తొచ్చింది రెండో జబ్బు. ఇంట్లో డబ్బాకి హార్డ్‌డిస్క్ వైరు వదులు. ముట్టుకుంటే ఊడేది. అన్నయ్య అగ్గిపెట్టె చింపి, మడిచి, మూల పంటితో కొరికి మెత్తచేసి, ప్లగ్ కదలకుండా పక్కన దోపేవాడు. "ఇంజినీరింగ్ అంటే ఇదిరా ఉడుతా" అనేవాడు. అక్కడ వైరు ఊడకుండా దోపిన ముక్కనే ఇక్కడ వైరు అందకుండా దోపారు. ఆ పంటిగుర్తు అన్నయ్యది.

అంటే ఇంట్లో వదిన ఏ సాక్ష్యమూ చెరపలేదు. ఈ ముక్క తీసుకుని వెళ్లిందంతే, అక్కడ వైరు ఊడింది. పిలవడానికి ఫోన్ లేక, నమ్మేవాడు లేక, ఈ మిషన్‌ని పాడుచేసి కబురు పంపింది. వచ్చేవాడు మరిదే అయితే గుర్తుపడతాడని. ఉడుతకి కళ్లు మసకబారాయి. వంగి డబ్బాలో తలదూర్చి కాసేపు అలాగే ఉండిపోయాడు.

తల బయటికి తీసి, "ఏవండీ, కాస్త చోటివ్వండి," అంటూ జేబులోంచి పెన్ను తీసి ఆవిడ కీబోర్డు పక్కన పెట్టాడు. జేబులో ఉంటే గుచ్చుకుంటోందన్నట్టు గుండె రుద్దుకున్నాడు. వదిన వేళ్లు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

ఇక మిగిలింది లైన్. కట్టర్ లేదు. స్టార్ట్ అయితే కమాండ్ వెళ్తుంది, వెళ్తే క్లోరిన్ తెరుచుకుంటుంది. ఉడుత చూపు బోర్డు మూలనున్న బొత్తాం బ్యాటరీ మీద పడింది. బ్రష్ అడ్డం పెట్టి, గోటితో దాన్ని పైకి లేపి, కాసేపు పట్టుకుని, తిరిగి తోశాడు. ఆ పాటికి మిషన్ తన తేదీ మర్చిపోయింది. బయటి నెట్‌తో సంబంధం లేని మిషన్ కాబట్టి దానికి మళ్లీ గుర్తుచేసేవాళ్లు కూడా లేరు.

హార్డ్‌డిస్క్ ప్లగ్ గట్టిగా నొక్కి, పవర్ ఆన్ చేశాడు. తేదీ సరిగా లేదు, ముందుకు వెళ్లాలా అని అడిగింది మిషన్. మేనేజర్ వంగేలోపు కీ నొక్కేశాడు. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత నీలిరంగు తెర, బొమ్మలు, కింద కుడిమూల ఎన్నో ఏళ్ల నాటి తేదీ.

"అబ్బ, వచ్చిందా!" వదిన లేచి వచ్చి మానిటర్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. స్కార్ఫ్ కొస జారి తెర కింద కుడిమూల మీద పడింది. వదినకీ గుర్తుంది మరి. "బ్యాటరీ తెండి మహాప్రభో" అన్నది ఆవిడే కదా.

"చాలా థాంక్సండీ," అన్నాడు మేనేజర్. ఉడుతని లేపి కుర్చీలో తను కూర్చున్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. ఒక చిన్న బాక్స్ తెరుచుకుంది. కిటికీ బయట రోడ్డుమీద ఆఫీసులు వదిలిన జనం, బస్సుల హారన్లు, ఎవరిదో పిల్లల స్కూల్ వ్యాన్. మేనేజర్ ఎంటర్ నొక్కాడు.

అవతలి మిషన్ అంగీకరించలేదు.

మళ్లీ నొక్కాడు. అంగీకరించలేదు. పది నిమిషాలు తంటాలు పడి, మూడోసారి నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖంలో మర్యాద అలాగే ఉంది. "పరవాలేదు. మనవాడికి ఫోన్ చేద్దాం. చేత్తో తిప్పుతాడు," అని రిసీవర్ మీద చెయ్యి వేశాడు.

ఎత్తేలోపే ఫోన్ మోగింది.

మేనేజర్ విన్నాడు. "లాండ్రీయా? బట్టలు రెడీయా?" రిసీవర్ మెల్లిగా పెట్టేశాడు. "నేనెప్పుడూ లాండ్రీకి బట్టలు వెయ్యలేదే," అన్నాడు తనలో తను. చెయ్యి చాచి స్కార్ఫ్ కొస పక్కకి తొలగించాడు. తేదీ చూశాడు. ఉడుతని చూశాడు. సొరుగులోంచి పిస్టల్ తీసి అతని నుదుటికి ఆనించాడు.

"మెకానిక్‌గారూ, మీ పని నాకు అస్సలు నచ్చలేదండీ."

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. వదిన వంగి పెన్ను అందుకుని అతని మెడలో దించింది. పిస్టల్ పేలి సీలింగ్ పెచ్చు రాలింది. మేనేజర్ అదే కుర్చీలో, అదే మరక మీదికి ఒరిగిపోయాడు. కాపలావాడు పిస్టల్ తీసేలోపు ఉడుత అతని మీదికి దూకాడు. మెట్లమీద స్క్వాడ్ బూట్ల చప్పుడు వినబడింది.

*

ఇద్దరూ జీపెక్కారు. అక్కడ నీటికేంద్రంలో కాపలావాడి చెయ్యి వాల్వు మీద ఉండగానే పట్టుకున్నారని వైర్‌లెస్‌లో చెప్పారు.

"ఆ పెన్ను ఎవరికోసం ఇచ్చారో నాకు తెలుసు," అంది వదిన. "మీ అన్నయ్య దగ్గరా ఒకటుండేది. నువ్వు గుమ్మంలోకి రాగానే అనుకున్నాను, అట్టముక్క కనిపించకపోతే ఇవాళ నా పని అయిపోయిందని."

"వదినా..."

"నీ తప్పు కాదులే." కిటికీ బయటికి చూసింది. "ఆ కంప్యూటరాయన చావు మాత్రం నా తప్పే. అది ఏం మిషనో కూడా ఆయనకి తెలీదు. మేనేజర్ తిడతాడనుకున్నాను, పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. నా కళ్లముందే... నేను టైపు కొడుతూ కూర్చున్నానురా. చెయ్యి ఆపితే అనుమానం వస్తుందని."

ఉడుత జేబులోంచి అట్టముక్క తీసి చూపించాడు.

"ఆ ముక్క ఎందుకు తీసుకెళ్లావు వదినా, అన్నయ్య పోయిన రోజున?"

"కబురుకని తీసుకెళ్లలేదు. ఆయన వస్తువేదైనా దగ్గర పెట్టుకుందామనిపించింది. ఉంగరం తీసుకెళ్తే వాళ్లు చూస్తారు. అట్టముక్కని ఎవరు పట్టించుకుంటారు?"

ఎవిడెన్స్ గదిలో చీఫ్ నిలబడి ఉండగానే ఉడుత అన్నయ్య కంప్యూటర్ మీది లక్క సీలు పగలగొట్టాడు. చీఫ్ రూల్ అనబోయి, వదిన ముఖం చూసి ఆగిపోయాడు. ఉడుత పక్కనున్న ఎవిడెన్స్ కవరు కూడా చింపి, అన్నయ్య కొన్న బ్యాటరీ ప్యాకెట్ విప్పాడు. పాతది తీసి కొత్తది వేశాడు. అట్టముక్కని వదిన చేతికిచ్చాడు. ఆవిడే వంగి ప్లగ్ పక్కన దోపింది.

మిషన్ గుర్రుమంది. అక్షరాలు కనిపించాయి. చుక్కలు తిరిగాయి. పాత నీలిరంగు తెర, మూలన అన్నయ్య ఎప్పుడో సగం ఆడి వదిలేసిన పేకాట. తేదీ మాత్రం ఎన్నో ఏళ్ల వెనక ఉంది. వదిన మౌస్ పట్టుకుని ఇవాళ్టి తేదీ పెట్టింది. పెట్టాక, తల ఆ డబ్బాకి ఆనించి, ఇన్ని రోజులూ దాచుకున్న ఏడుపు ఏడ్చింది. చీఫ్ టోపీ తీసి తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచాడు.

మర్నాటి నుంచి డిపార్ట్‌మెంట్ ఏజెంట్లకిచ్చే సామాన్లలో ఒక రబ్బరు కూడా చేరింది. స్టోర్స్ ఆఫీసర్ దానిమీద టాప్ సీక్రెట్ అని ముద్ర కొట్టి, లక్కతో సీలు వేసి మరీ ఇస్తున్నాడు.